ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ మనమే మార్చుకోవాలా, షాపుకివ్వాలా?

పోయిన వారం ఆఫీసులో లంచ్ దగ్గర, కొత్తగా చేరిన కుర్రాడొకడు అడిగాడు. "అన్నా, నా కారు లక్ష మైళ్ళకి దగ్గరపడింది. ఆయిల్ చేంజ్‌కి వెళ్తే ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ కూడా మార్చాలి, 249 డాలర్లవుతుంది అంటున్నాడు. యూట్యూబ్‌లో చూస్తే నలభై డాలర్లలో ఇంటి దగ్గరే అయిపోతుందంటున్నారు. మీరు సొంతంగా చేసుకుంటారట కదా, ఏం చెయ్యమంటారు?"

అప్పటికి ఏవో నాలుగు ముక్కలు చెప్పి పంపించేశాను. నిజానికి ఆ ప్రశ్నకి నా దగ్గర రెండు జవాబులున్నాయి. ఒకటి నలభై డాలర్ల జవాబు, రెండోది 1,800 డాలర్ల జవాబు. లంచ్ దగ్గర మొదటిది చెప్పాను. రెండోది చెప్పడానికి కాస్త సిగ్గేసింది. అదేదో ఇక్కడ చెప్పేస్తే నాక్కూడా బరువు దిగుతుంది.

ముందు అసలు ఈ ద్రవం సంగతి కాస్త చెప్పుకుందాం. ఇంజన్ ఆయిల్ గురించి అందరికీ తెలుసు. ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ గురించి మాత్రం షాపువాడు భయపెట్టేదాకా ఎవరూ పట్టించుకోరు. మాన్యువల్ గేర్ల బండిలో మన ఎడమ కాలూ ఎడమ చెయ్యీ కలిసి చేసే పనిని, ఆటోమేటిక్‌లో ఈ ఎర్ర నూనె చేస్తుంది. టార్క్ కన్వర్టర్లో ఇంజన్ తిరుగుడుని గేర్‌బాక్సుకి అందించేది ఇదే. లోపలి క్లచ్‌లని ఒత్తిడితో బిగించేది ఇదే. వేడిని మోసుకెళ్ళి కూలర్లో వదిలేదీ ఇదే. క్లచ్‌లు అరిగేకొద్దీ ఆ పొడంతా ఇందులోనే కలుస్తుంది. కొత్తగా ఉన్నప్పుడు రూహ్ అఫ్జా రంగులో ఉంటుంది, పాతబడేకొద్దీ ఫిల్టర్ కాఫీ డికాక్షన్‌లా తయారవుతుంది.

"మా బండిలో లైఫ్‌టైం ఫ్లూయిడ్, మార్చనక్కర్లేదు" అనేవాళ్ళు చాలామంది తగులుతారు. ఎవరి లైఫ్‌టైం అన్నది ఇక్కడ ప్రశ్న. బీఎండబ్ల్యూ లాంటి కార్లకి గేర్‌బాక్సులు తయారుచేసే జర్మన్ కంపెనీ జడ్‌ఎఫ్, తన ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య ఫ్లూయిడ్ మార్చుకోమని చెబుతుంది. గేర్‌బాక్సు తయారుచేసినవాడే మార్చమంటే, కారు అమ్మినవాడి మాట నేనెందుకు వినాలి? వారంటీ అయ్యేదాకా నడిస్తే ఆయన లైఫ్‌టైం అయిపోయినట్టే కదా :)

అన్నట్టు హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. మనదేశంలో 2014లో సెలేరియోతో మొదలై చిన్న కార్లన్నిటికీ పాకిన ఏఎంటీ అనేది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనీ గేరు మార్చే పనీ కాలు బదులు ఒక యంత్రం చేస్తుంది, అంతే. అందులో ఉండేది గేర్ ఆయిల్. ఇక్కడ నేను చెప్పే లెక్కలు దానికి వర్తించవు.

సరే, నా కథకొద్దాం. నాది 2011 అకార్డ్. 2021 చివర్లో 90 వేల మైళ్ళ దగ్గర షాపువాడు "ఫ్లష్ చేయించాలి, 189 డాలర్లు" అన్నాడు. ఏ ఫ్లూయిడ్ పోస్తావని అడిగితే "అన్ని బళ్ళకీ పనికొచ్చేది" అన్నాడు. హోండా డీడబ్ల్యూ-1 పొయ్యమని చెబుతుంటే ఈయన డ్రమ్ములోంచి ఏదో పోస్తానంటాడేమిటని నాకు అనుమానం. నేనే చేసుకుంటే పోలా అనిపించింది.

మాది అపార్ట్‌మెంటు. పార్కింగ్‌లో రిపేర్లు చెయ్యకూడదని లీజులోనే రాసి ఉంటుంది. అందుకని ఫ్రిస్కోలో సొంతిల్లు ఉన్న మా మిత్రుడింటి డ్రైవ్‌వేలో మకాం పెట్టాను. వాడూ నేనూ ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు ఒకే గది.

పని నిజంగానే తేలిక. అకార్డ్‌లో డ్రెయిన్ బోల్టుకి పైన చదరంగా ఒక రంధ్రం ఉంటుంది, 3/8 అంగుళాల రాచెట్ నేరుగా అందులో దూరుతుంది. బోల్టు చివర అయస్కాంతం. దానికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంటే భయపడక్కర్లేదు, ఇనప ముక్కలు కనిపిస్తే భయపడాలి. వాషరు ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. బోల్టుని టార్క్ రెంచితో 36 ఫుట్-పౌండ్లకి బిగించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీ చేసే బోల్టు ముట్టుకునే ముందు నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. బ్యాకప్ ఉందో లేదో చూడకుండా ప్రొడక్షన్ డేటాబేస్‌లో టేబుల్ ఎగరగొట్టే రకాలు మనలోనే ఉన్నారు కాబట్టి ఇంతకన్నా వివరించను.

ఇక్కడొక చిన్న లెక్కుంది. ఇంజన్ ఆయిల్ అయితే బోల్టు తీస్తే దాదాపు మొత్తం దిగిపోతుంది. ఇది అలా కాదు. అకార్డ్ ట్రాన్స్‌మిషన్‌లో మొత్తం ఆరున్నర లీటర్లుంటే, బోల్టు తీసినప్పుడు దిగేది రెండున్నరే. మిగతాది టార్క్ కన్వర్టర్లోనూ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. అంటే ఒకసారి మారిస్తే కొత్తది 38 శాతమే. కాసేపు బండి తిప్పి, అన్ని గేర్లూ పడనిచ్చి, మళ్ళీ మారిస్తే 62 శాతం. మూడోసారికి 77. నాలుగోసారి చేస్తే 86, కానీ అప్పటికి ఓపికా డబ్బూ రెండూ అయిపోతాయి. మూడుసార్లతో ఆపడం మంచిది.

ఖర్చు చూద్దాం. ఎనిమిది సీసాలు, ఒక్కోటి పదిన్నర డాలర్లు, వాషర్లు మూడు. వెరసి 93 డాలర్లు. జాకీ, జాక్ స్టాండ్లు, టార్క్ రెంచి, పొడవాటి గరాటు, ట్రే కలిపి ఇంకో 165. మొత్తం 258. షాపువాడు అడిగింది 189! మా ఆవిడ బిల్లులు కూడి చూసి "మిగిలిందెంతండీ?" అని నవ్వింది. రెండోసారి నుంచి మిగులుతుందని చెప్పాను. జాక్ స్టాండ్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. 2020లో అమెరికాలో లక్షల కొద్దీ స్టాండ్లు బరువు కింద జారిపోతున్నాయని రీకాల్ చేశారు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కింద దూరేవాడికి డబ్బు మిగలడం తర్వాత సంగతి, ముందు మనిషి మిగలాలి.

మనవాళ్ళలో ఇంకో వాదన ఉంది. "నా గంట రేటు డెబ్బై డాలర్లు, ఆదివారం నాలుగు గంటలు బండి కింద పడుకుంటే 280 నష్టం" అని. ఆదివారం నాడు మనకి గంటకి డెబ్బై ఎవరిస్తున్నారండీ? ఆ నాలుగు గంటలూ సోఫాలో వెబ్ సిరీస్ చూసేవాడివే కదా. గంట రేటు లెక్క బిల్లు వేసే గంటలకే వర్తిస్తుంది. నా మటుకు నాకు ఆ రోజు సంతోషంగా గడిచింది. కీబోర్డు మీద చేసిన పనిని చేత్తో తాకి చూడలేం. డికాక్షన్ పోయి డిప్‌స్టిక్ మీద రూహ్ అఫ్జా కనబడితే కలిగే తృప్తి వేరు.

నలభై డాలర్ల జవాబు ఇంతే. ఇక రెండోది.

నేను పనిచేస్తుంటే మా మిత్రుడు పక్కన కుర్చీ వేసుకుని చూశాడు. 2022 వేసవి మొదట్లో ఫోన్ చేశాడు. "ఒరేయ్, మా వ్యాన్‌కి కూడా మార్చాలంటున్నారు. అదే షాపు, అదే 189. నువ్వొచ్చి చేసిపెట్టరాదూ, మధ్యాహ్నం బిర్యానీ మా ఇంట్లోనే" అన్నాడు. వాడిది 2009 మినీవాన్. ఏ కంపెనీదన్నది ఇప్పుడు అనవసరం, తప్పు కంపెనీది కాదు. లక్షా నలభై ఆరు వేల మైళ్ళు తిరిగింది. వాడు సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు కాబట్టి ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో, అసలు మార్చారో లేదో తెలీదు.

వెళ్ళాను. బండి కింద దూరాను. బోల్టు తీసేసరికి వచ్చింది డికాక్షన్ కూడా కాదు, తారు. మాడు వాసన. "రివర్స్ వేస్తే పడుతోందా బాగానే?" అని అప్పుడు అడిగాను. "పొద్దున్నపూట ఒక రెండు సెకన్లు లేటవుతుందిరా, అందుకే కదా మార్చమంది" అన్నాడు. ఆ మాట బోల్టు తియ్యకముందు అడిగి తెలుసుకోవాల్సింది. రివర్స్ లేటుగా పడుతోందంటే లోపల అప్పటికే ఏదో అరిగిపోయిందని అర్థం. అక్కడ ఆగి, షాపుకి తీసుకెళ్ళరా అని చెప్పాల్సింది. కానీ అప్పటికే ట్రే నిండింది, వంటింట్లోంచి మసాలా వాసన వస్తోంది, వాడి పిల్లలు "అంకుల్ కార్ రిపేర్ చేస్తున్నాడు" అని చుట్టూ తిరుగుతున్నారు. ఆ ఊపులో ఎవడాగుతాడు?

ట్రేలో దిగింది ఎంతో కొలవలేదు. కొంత డ్రైవ్‌వే మీద ఒలికింది కూడా. కొత్తది, ఆ బండికి చెప్పిన రకమే, పోస్తూ వచ్చాను. ఇంజన్ ఆపి ఒక నిమిషమాగి డిప్‌స్టిక్ చూశాను. నిండినట్టు గీత దాకా వచ్చింది. బోల్టు బిగించి, చేతులు కడుక్కుని బిర్యానీ తిన్నాం.

సరిగ్గా పదకొండో రోజు. వాడి భార్యా పిల్లలూ వస్తుంటే హైవే మీద బండి లాగడం మానేసింది. ఇంజన్ అరుస్తోంది, చక్రం కదలడం లేదు. ఎలాగో పక్కకి తెచ్చి ఆపింది. జూన్ నెల డల్లాస్ ఎండ. వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, పక్కనుంచి ట్రక్కులు. టో ట్రక్ వచ్చేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఎవరికీ ఏం కాలేదు. కానీ ఆ యాభై నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో ఎలాగో ఉంటుంది.

ట్రాన్స్‌మిషన్ షాపువాడు తీసి చూసి క్లచ్‌లు కాలిపోయాయి, రీబిల్డ్‌కి 3,600 అన్నాడు. అని ఊరుకోకుండా "ఈమధ్య ఫ్లూయిడ్ ఎవరు మార్చారు?" అని అడిగాడట. ఫోన్లో ఆ సంగతి చెప్పి మావాడు ఆగిపోయాడు. నేనూ మాట్లాడలేదు. వాళ్ళావిడ మాత్రం తర్వాత కలిసినప్పుడు "మీరేం చేస్తారు అన్నయ్యగారూ, పాత బండి" అంది. మంచి మనిషి, మనస్ఫూర్తిగానే అని ఉంటుంది.

ఇంటికొచ్చి చదవడం మొదలెట్టాను. పాత ట్రాన్స్‌మిషన్‌లో కొత్త ఫ్లూయిడ్ పోస్తే చచ్చిపోతుందని ఒక నమ్మకం ఉంది. దానికి ఎదురు వాదనేమిటంటే, జనం మామూలుగా ఫ్లూయిడ్ సంగతి తలుచుకునేదే బండి మొరాయించడం మొదలెట్టాక, కాబట్టి పోయే బండే పోయింది, నింద మాత్రం కొత్త ఫ్లూయిడ్ మీద పడింది అని. మందు వేసిన మర్నాడు రోగి పోతే మందువల్లే పోయాడని చెప్పలేం కదా. ఈ వాదన నాకు చాలా నచ్చింది. నచ్చదా మరి, నన్ను విడిచిపెట్టేస్తోంది! వారం రోజులు దాన్నే పట్టుకుని తిరిగాను.

ఆ తర్వాత ఒక రాత్రి, ఎందుకో ఆ వ్యాన్ ఓనర్స్ మాన్యువల్ డౌన్‌లోడ్ చేసి చదివాను. లెవెల్ చూసే పద్ధతి అందులో సగం పేజీ ఉంది. ఇంజన్ వేడెక్కాక, ఇంజన్ నడుస్తూ ఉండగా, పార్క్‌లో పెట్టి చూడాలి. అకార్డ్‌లో అయితే ఇంజన్ ఆపి, ఒకటి ఒకటిన్నర నిమిషాల మధ్య చూడాలి. నేను వ్యాన్‌కీ అకార్డ్ పద్ధతే వాడాను. ఇంజన్ ఆపితే పైనున్న ఫ్లూయిడ్ కిందికి దిగి లెవెల్ ఎక్కువ చూపిస్తుంది. అంటే నేను నిండిందనుకున్నప్పుడు అది నిండలేదు. ఎంత తక్కువైందో తెలీదు. అర లీటరో, లీటరో. నేను కొలవలేదు కదా. అసలే అరిగిపోయిన క్లచ్‌లు, వాటికి అందాల్సిన ఒత్తిడి నావల్ల ఇంకా తగ్గి ఉంటుంది.

నేను చెయ్యకపోయినా ఆ బండి పోయేదా? పోయేదనే అనుకుంటాను. కానీ పదకొండు రోజుల్లో, ఆ హైవే మీదే పోయేదా? అది మాత్రం చెప్పలేను. లాగ్ లేని సర్వర్ పడిపోతే పోస్ట్‌మార్టం ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎవరికి అనుకూలంగా వాళ్ళు రాసుకోవచ్చు. పైగా ఈ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలీదు. షాపువాడు ఉన్న ఫ్లూయిడ్ అంతా పారబోసి రీబిల్డ్ మొదలెట్టేశాడు.

మా ఆవిడకి చెబితే "ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ, వాళ్ళు మర్చిపోతున్న టైములో" అంది. రెండ్రోజులు ఊగిసలాడి ఫోన్ చేశాను. "ఒరేయ్, నీకొక సంగతి చెప్పాలి" అని మొత్తం చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "సరేరా, తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశాడు. సగం ఖర్చు, 1,800 డాలర్లు, జెల్‌లో పంపాను. తిప్పి పంపుతాడేమో అనుకున్నాను, నిజం చెప్పాలంటే. పంపలేదు. పంపకపోవడమే సరైనది. తర్వాత నాలుగు నెలలు మా మధ్య వాట్సాప్‌లో పండగ శుభాకాంక్షలు తప్ప మాటల్లేవు. ఆ ఏడాది బతుకమ్మకి పిలవలేదు.

ఆ నాలుగు నెలల్లో నాకు అర్థమైనది ఒకటుంది. షాపుకిచ్చే 189 డాలర్లు ఫ్లూయిడ్ ఖరీదూ కాదు, కూలీ కాదు. అవి రెండూ కలిపినా అందులో సగం రావు. మిగతా సగం, రేపు ఏదైనా అయితే జవాబు చెప్పడానికి ఒక మనిషి ఉన్నందుకు. మన ఆఫీసుల్లో ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌కి కూడా సపోర్ట్ కాంట్రాక్టు కొనేది ఇందుకే కదా. సొంతంగా చేసుకోవడమంటే ఆ సగం మిగుల్చుకోవడం కాదు, ఆ జవాబు మన నెత్తిన వేసుకోవడం. నా కారుకి నేను చేసుకుంటే ఆ బరువు నాదే, నష్టపోతే నేనే పోతాను. స్నేహితుడి కారుకి చేసినప్పుడు మాత్రం వాడు మిగుల్చుకున్న డబ్బు వాడిది, జవాబు నాది. మధ్యలో బిర్యానీ తప్ప కాంట్రాక్టు లేదు.

కాబట్టి షాపుకివ్వడం చేతకానితనమేం కాదు. కానీ ఇచ్చేటప్పుడు ఆ జవాబు నిజంగా కొంటున్నామో లేదో చూసుకోవాలి. ఏ ఫ్లూయిడ్ పోస్తారు, ఎన్ని క్వార్టులు, బోల్టు తీసి మారుస్తారా మెషీన్ పెట్టి మారుస్తారా అని అడిగి, ఫ్లూయిడ్ పేరు బిల్లు మీద రాయించుకోండి. చాలా షాపులు 12 నెలలో 12,000 మైళ్ళో వారంటీ రాసిస్తాయి. "అన్ని బళ్ళకీ పనికొచ్చేది" అని నోటితో చెప్పి, బిల్లు మీద "ట్రాన్స్‌మిషన్ సర్వీస్" అని రెండు ముక్కలు గీకేవాడి దగ్గర డబ్బిచ్చినా జవాబు దొరకదు. అలాంటివాడికన్నా మనమే నయం.

సొంతంగా చేసుకునేవాళ్ళు భయపడాల్సిన పనీ లేదు. మనం చేసుకున్నంత మాత్రాన కంపెనీ వారంటీ రద్దు చెయ్యడానికి వీల్లేదని 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ఉంది. రసీదులు, తేదీ, మైళ్ళు రాసి పెట్టుకుంటే చాలు. పాత ఫ్లూయిడ్‌ని కాలవలో పొయ్యకండి, ఆటోజోన్ లాంటి చోట్ల ఊరికే తీసుకుంటారు. బోల్టు తియ్యకముందు బండి నడిపి చూడండి. దిగినదాన్ని కొలిచి, అంతే పొయ్యండి. లెవెల్ మాత్రం మీ బండి మాన్యువల్ ఏం చెబితే అలాగే చూడండి, పక్కింటివాడి బండి పద్ధతి వద్దు.

ఇంతకీ మావాడి సంగతి. ఆ అక్టోబర్లో వాడే ఫోన్ చేశాడు. "రీబిల్డ్ చేసిన వ్యాన్ అమ్మేశానురా, ఇంకో సెకండ్ హ్యాండ్ వ్యాన్ కొన్నా. ఆదివారం రా. నువ్వు మాన్యువల్ చదువు, రెంచి నేను పట్టుకుంటా" అన్నాడు. వెళ్ళాను. ఆ బండికి అసలు డిప్‌స్టిక్కే లేదు. ఫ్లూయిడ్ ఒక కచ్చితమైన ఉష్ణోగ్రతకి వచ్చాక కింద బోల్టు తీసి, బొట్లుబొట్లుగా కారేదాకా చూడాలట. మాన్యువల్ గట్టిగా చదివి వినిపించాను. వాడు రెంచి పక్కన పెట్టేసి, డీలర్‌కి ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు. 210 డాలర్లు.

"ఈసారి పోతే తిట్టడానికి ఒకడుంటాడురా, నువ్వు మిగులుతావు" అన్నాడు. ఆ రోజు కూడా బిర్యానీయే.

నా అకార్డ్‌కి ఇప్పటికీ నేనే మారుస్తున్నాను, వాడి డ్రైవ్‌వేలోనే. రేపు ఆఫీసులో ఆ కుర్రాడికి ఈ మిగతా సగం కూడా చెప్పాలి. నీ కారైతే నువ్వే చేసుకో తమ్ముడూ, కావాలంటే పక్కన కూర్చుని మాన్యువల్ చదివిపెడతాను. బోల్టు మాత్రం నువ్వే తిప్పు.